లైబ్రరీ పన్ను కడుతున్నాం, లైబ్రరీ తలుపులు తెరవండి

నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్ళ సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు, గ్రంథాలయ శాఖ అధికారులకు నమస్కారాలు.

నేను పేపర్ ఏజెంటును. డిండి వాగుకు దగ్గర్లో, నల్గొండ, పాలమూరు జిల్లాలు కలిసేచోట ఒక మండల కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా ఇంటింటికీ పేపర్ వేస్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్ వచ్చి బస్టాండు దగ్గర కట్టలు దించి పోతుంది. సుతిలి తెంపి, లెక్క చూసుకుని, టీవీఎస్ ఎక్సెల్ మీద వేసుకుని బయల్దేరుతాను. నేను మొదట ఆగేది మా శాఖా గ్రంథాలయం దగ్గర. నాలుగు తెలుగు పేపర్లు, ఒక ఇంగ్లీషు పేపర్ అక్కడ వెయ్యాలి. తలుపుకూ గడపకూ మధ్య బొటనవేలంత సందు ఉంది. అందులోంచి లోపలికి తోసి ముందుకు పోతాను.

పోయిన వానాకాలం ఒక రోజు పేపర్ లోపలికి పోలేదు. ఏదో అడ్డం పడుతోంది. ఫోన్ లైటు వేసి, కింద మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. అడ్డం పడింది నేను వేసిన పేపర్లే. పదకొండు రోజులవి, వేసినవి వేసినట్టే ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి సందు మూసుకుపోయింది. అడుగున ఉన్నవి జల్లుకు తడిసి ముద్దయ్యాయి. గోడవైపు అంచులకు చెదలు పట్టింది. మొత్తం యాభై అయిదు పేపర్లు. పదకొండు రోజులు మా మండలంలో ఒక్క మనిషి కూడా ఆ గడప దాటి లోపలికి పోలేదన్నమాట.

ఆ రోజు నుంచి ఈ విషయం వెంట పడ్డాను. తెలిసింది ఇదీ. మా లైబ్రేరియన్ సారు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. పక్క మండలం ఆయనకు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆయనకు సొంత గ్రంథాలయంతో పాటు ఇంకొకటి కూడా ఇన్‌చార్జి ఉంది. ఆయన వారానికి ఒకసారి రావడమే గగనం. తాళంచెవి అటెండర్ దగ్గర ఉండేది. అటెండర్ జీతం నెలల తరబడి రాక పత్తి మిల్లు పనికి పోతున్నాడు. వాళ్ళిద్దరి మీదా నాకు కోపం లేదు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే.

కలెక్టరాఫీసులో సోమవారాలు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి సంబంధిత శాఖకు పంపామని మెసేజ్ వచ్చింది. మూడోసారి ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూసిన తెల్లారి పోయి చూస్తే తాళం అట్లాగే ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. రెండున్నర నెలల తర్వాత ఒక్క లైను వచ్చింది: సమాచారం సేకరిస్తున్నాము. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. రాస్తే ఈ గొడవ ఒక్క మనిషి మీదికి పోతుంది, ఆయనకు ఒక మెమో ఇస్తారు, అక్కడితో అయిపోతుంది. మా చుట్టుపక్కల మండలాల ఏజెంట్లను అడిగితే చాలాచోట్ల ఇదే కథ చెప్పారు. ఇంకొక మాట ముందే చెప్తాను. నా పేపర్లు అమ్ముకోవడానికి రాస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. గ్రంథాలయం మూసి ఉన్నా తెరిచి ఉన్నా నేను పేపర్ వేస్తూనే ఉన్నాను, బిల్లు ఆలస్యంగానైనా వస్తూనే ఉంది. చదివేవాళ్ళు లేని పేపర్‌కు డబ్బులు తీసుకోవడం నాకు బాధగా ఉంది.

ఇక పన్ను సంగతి. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఇంటిపన్ను కింద గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి కట్టాలి. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా ఇంటిపన్నుతో పాటే దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. తెలంగాణలో అంతకుముందే 1955లో హైదరాబాద్ రాష్ట్రం సొంతంగా గ్రంథాలయ చట్టం చేసుకుంది. అంటే ఈ ఏర్పాటు మనకు నిన్న మొన్న వచ్చింది కాదు.

నా ఇంటిపన్ను 750 రూపాయలు. అందులో సెస్సు 60. చూడ్డానికి చిన్న మొత్తం. వెయ్యి ఇళ్ళున్న ఊళ్ళో ఇంటికి సగటున 500 పన్ను అనుకుంటే, సెస్సు ఇంటికి 40 చొప్పున ఏడాదికి 40 వేలు. నాలుగు పేపర్లు ఏడాది పొడుగునా తెప్పించడానికి పన్నెండు వేల లోపే అవుతుంది, ఈ లెక్క నాకు బాగా తెలుసు. మిగిలిన ఇరవై ఎనిమిది వేలతో పుస్తకాలు కొనొచ్చు, కరెంటు బిల్లు కట్టొచ్చు, తలుపు తెరిచి మూసే మనిషికి నెలకు కొంత ఇవ్వొచ్చు. మండలంలో ఇరవై పంచాయతీలున్నాయనుకోండి, అప్పుడు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. వసూలైన సెస్సును పంచాయతీలు, మున్సిపాలిటీలు జమ చెయ్యకుండా బకాయి పెడుతున్నాయని నేను వేసే పేపర్లలోనే ఏటా వార్తలు చూస్తున్నాను. మేము కట్టిన డబ్బు మధ్యలో ఎక్కడ ఆగిపోతోంది? మా ఊరి సెస్సు ఎంత పోయింది, మా ఊరికి ఎంత తిరిగొచ్చింది? నేను సమాచార హక్కు కింద అడిగింది కూడా ఇదే.

ఈ నేలకు గ్రంథాలయం కొత్త కాదు. నిజాం కాలంలో నల్గొండలో 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టారు. దాన్ని పెట్టిన షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారే 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చారు. 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సభ) జరిగితే దానికి అధ్యక్షుడు కల్వకుర్తి పక్కన పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు. మా తాతకు చదువు రాదు. ఆ పత్రిక ఊరికి ఒక్కటే వచ్చేదట, అదీ వారం ఆలస్యంగా. పట్వారీ తమ్ముడు రచ్చకట్ట మీద కూర్చుని గట్టిగా చదివితే ముప్పై మంది విని పోయేవాళ్ళట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మా తాత గొంతు మారేది. అంత కష్టకాలంలో అంత పట్టుదలగా కట్టుకున్నదాన్ని ఇప్పుడు చట్టం ఉండి, పన్ను ఉండి, బిల్డింగు ఉండి తాళం వేసి పెట్టుకున్నాం.

తాళం వేస్తే ఏమవుతుంది, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అని ఒక పెద్ద మనిషి నాతో అన్నాడు. ఏమవుతోందో రోజూ తెల్లవారుజామున తిరిగేవాడిగా నేను చూసింది రాస్తాను.

1. అందరికంటే ఎక్కువ దెబ్బ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు. 2022 నాటి గ్రూప్-4 నోటిఫికేషన్‌లో 8 వేల పైచిలుకు ఉద్యోగాలకు 9 లక్షల పైచిలుకు మంది దరఖాస్తు పెట్టారు. మా మండలంలో డిగ్రీ అయిపోయి చదువుతున్న పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. కాస్త ఉన్నవాళ్ళు హైదరాబాద్ అశోక్‌నగర్ పోయి హాస్టళ్ళలో ఉంటున్నారు. అంత లేనివాళ్ళు జిల్లా కేంద్రంలో ప్రైవేటు స్టడీ హాళ్ళలో నెలకు వెయ్యి రూపాయలు కట్టి ఒక కుర్చీ, ఒక ఫ్యాను కొనుక్కుంటున్నారు. పైన బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం టిఫిన్. కూలికి పోయే తండ్రికి అది నెలలో వారం రోజుల కష్టం.

అదీ లేనివాళ్ళ సంగతి చెప్తాను. మా దగ్గరి తండా నుంచి ఒక అమ్మాయి పొద్దున ఆరింటి ఆటోలో వచ్చి గ్రంథాలయం అరుగు మీద కూర్చునేది. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. తలుపు కింద సందులో చెయ్యి పెట్టి, నేను వేసిన పేపర్ మెల్లగా బయటికి లాక్కుని, నోట్‌బుక్‌లో రాసుకుని, మడత చెడకుండా మళ్ళీ లోపలికి తోసేది. ఒక రోజు కట్టలు మిగిలిపోయి నేను ఆలస్యంగా ఆ దారిన వచ్చాను. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. "పేపర్ ఖరాబ్ చెయ్యలేదన్నా, బిట్లు రాసుకుంటున్న అంతే" అన్నది. దొంగతనం చేస్తూ దొరికినట్టు భయపడింది ఆ పిల్ల. ఆ పేపర్ ఆమె కోసమే వస్తోంది. ఆ పేపర్‌కు డబ్బు వాళ్ళ నాయిన కట్టిన ఇంటిపన్నులోంచి కూడా వస్తోంది. మర్నాటి నుంచి ఒక కాపీ అరుగు మీద పెట్టి పోయేవాణ్ణి.

దసరా తర్వాత ఆ అమ్మాయి రావడం మానేసింది. సంతలో వాళ్ళ నాయిన కనిపిస్తే అడిగాను. "లోపల కూసుంటే చదువుకుంటుందంటరు సారూ, బయట అరుగు మీద కూసుంటే నలుగురు నాలుగు తీర్ల అంటరు. ఆడపిల్లను ఎట్ల పంపమంటవు" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. మగపిల్లలు చెట్టు కింద కూర్చునైనా చదువుకుంటారు, లేదా బస్సెక్కి పోతారు. తాళం వేసినప్పుడు మొదట ఇంటికి పోయేది ఆడపిల్ల. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అట్టడుగు. ఆడవాళ్ళలో సగం మందికి కూడా చదువు రాలేదు. అలాంటి నేల మీద ఒక ఆడపిల్ల తనంతట తాను చదువుకుంటానని వచ్చి కూర్చుంటే, మనం ఆమెకు చూపించింది తాళం కప్ప.

2. ముసలివాళ్ళు. లైబ్రరీ తెరిచి ఉన్న రోజుల్లో పొద్దున ఏడింటికే ఏడెనిమిది మంది పెద్దమనుషులు వచ్చేవాళ్ళు. ఒకాయన కళ్ళద్దాలు లేక చదవలేకపోతే పక్కాయన చదివి వినిపించేవాడు. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ టైముకు బెల్టు షాపు దగ్గర కనిపిస్తున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళై పోవడం లేదు. పొద్దున్నే నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

3. వలసపోయినవాళ్ళ పిల్లలు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, అపార్టుమెంట్లు కట్టడానికి మనవాళ్ళు పోని ఊరు లేదు. దేవరకొండ తండాల నుంచి, కొడంగల్, నారాయణపేట వైపు నుంచి ఇప్పటికీ పోతూనే ఉన్నారు. పిల్లల్ని అవ్వ తాతల దగ్గర వదిలి పోతారు. ఆ అవ్వకు ఫోన్ ఎట్లా ఆపాలో తెలియదు, లెక్కలు ఎట్లా చెప్పాలో తెలియదు. సాయంత్రం బడి వదిలాక చీకటి పడి రాత్రి అన్నం తినేదాకా ఆ నాలుగు గంటలు ఆ పిల్లలు ఏం చేస్తున్నారో మీరు ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. ఒకే ఫోన్ మీద నలుగురు తలలు పెట్టి రీల్స్ చూస్తుంటారు. బొమ్మల పుస్తకాలున్న ఒక గది, ఒక లైటు, ఊళ్ళో తెలిసిన ఒక అక్క ఉంటే చాలు, వాళ్ళు అక్కడికి వస్తారు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మా లైబ్రేరియన్ సారు ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలకు కథలు చదివించేవారు. నా కొడుకు అక్కడే చదవడం నేర్చుకున్నాడు. బళ్ళో నేర్చుకున్నదానికంటే అక్కడ నేర్చుకున్నదే ఎక్కువ.

4. సరైన సమాచారం లేక జరిగే నష్టం. ఇది పైకి కనపడదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన అబద్ధాన్ని నమ్మి తెలంగాణలో అమాయకులను కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలు కట్టి, అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. వాళ్ళకు దండం పెట్టాలి. కానీ రోజూ పోలీసులు పాట పాడలేరు కదా. పొద్దున్నే నాలుగు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదివే పది మంది ఊళ్ళో ఉంటే, అట్లాంటి మెసేజ్ వచ్చినప్పుడు "ఆగండ్రా, ఇది ఏ పేపర్లోనూ లేదు" అనేవాడు ఒకడైనా ఉంటాడు.

భూముల సంగతీ అంతే. భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అని పేపర్లలో పేజీలకు పేజీలు వేశారు. ఆ పేజీలు మా గ్రంథాలయంలో తలుపు వెనక తడిసి ముద్దయ్యాయి. మా రైతులు తహసీల్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే మనిషికి రెండు వందలు ఇచ్చి అదే విషయం అడిగి తెలుసుకున్నారు. కొందరికి తప్పు చెప్పాడు కూడా.

5. పుస్తకాలు. మా గ్రంథాలయంలో ఏడు బీరువాలు. అందులో నేను చిన్నప్పుడు చదివిన పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఇంకొక రెండు వానాకాలాలు ఇట్లాగే మూసి ఉంచితే ఉండవు.

మా కోరికలు పెద్దవి కావు. కొత్త బిల్డింగులు అడగడం లేదు, శంకుస్థాపనలు అడగడం లేదు.

1. ఉన్న గ్రంథాలయాలు ముందు తెరవండి. పొద్దున పేపర్ టైము, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, ఆదివారం పూర్తిగా. కూలికి పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు ఇంటికి వచ్చేదే సాయంత్రం ఆరింటికి. అప్పుడు మూసి ఉన్న గ్రంథాలయం వాళ్ళకు లేనట్టే. లైబ్రేరియన్ పోస్టులు నింపండి. నింపేదాకా ఊళ్ళో డిగ్రీ చదివిన ఒక అమ్మాయికో అబ్బాయికో గౌరవ వేతనం ఇచ్చి తాళంచెవి అప్పగించండి. జీతం నెలనెలా ఇవ్వండి. మా అటెండర్ మిల్లు పనికి ఎందుకు పోయాడో పైన రాశాను.

2. సెస్సు లెక్క గోడ మీద రాయండి. ఈ ఏడు వసూలైంది ఇంత, జమ చేసింది ఇంత, బకాయి ఇంత. పంచాయతీ ఆఫీసు గోడకు ఉపాధి హామీ పనుల లెక్క రాస్తున్నారు కదా, దాని పక్కనే ఇంకొక నాలుగు లైన్లు. అట్లాగే గ్రంథాలయం గోడ మీద జిల్లా నుంచి మా మండలానికి వచ్చింది ఎంతో రాయాలి. నా అనుభవంలో ఒక్కసారి అంకె గోడ మీదికి ఎక్కితే దాన్ని దాచడం ఎవరి వల్లా కాదు.

3. గ్రంథాలయం లేని ఊళ్ళలో చదువుకునే గది పెట్టండి. జాగా లేదనకండి. 2020లో రాష్ట్రమంతా రైతుల మీటింగుల కోసం దాదాపు 2,600 రైతువేదికలు కట్టారు. పగలు మీటింగులు ఉంటే ఉన్నాయి, సాయంత్రం అవి ఖాళీగానే ఉంటున్నాయి. హాలు ఉంది, కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి. చాలా ఊళ్ళలో పాత పంచాయతీ గది ఉంది, మహిళా సంఘం భవనం ఉంది, పిల్లలు తగ్గి మూతపడ్డ బడి ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. ఇంటిపన్ను వాళ్ళూ కడుతున్నారు, సెస్సూ కడుతున్నారు, వాళ్ళ తండాలో మాత్రం చదువుకునే గది లేదు. ముందు అక్కడ మొదలుపెట్టండి.

ఇది కాని పని అనుకునేవాళ్ళు నారాయణపేట, గద్వాల సరిహద్దు దాటి కర్ణాటకలో ఏ గ్రామ పంచాయతీకైనా పోయి చూడండి. 2019లో అక్కడ ఊళ్ళ గ్రంథాలయాలను పంచాయతీరాజ్ శాఖకు అప్పగించారు. వాటినే ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నారు, 5 వేలకు పైగా ఉన్నాయి. అరివు అంటే మన ఎరుక. కృష్ణకు అవతలి ఒడ్డున రాయచూరులో అయ్యే పని ఇవతలి ఒడ్డున ఎందుకు కాదు?

4. ఆడపిల్లలు, ఆడవాళ్ళు భయం లేకుండా వచ్చి కూర్చునేటట్టు చూడండి. వాకిట్లో ఒక లైటు, లోపల తాళం ఉండే ఒక బాత్రూమ్, నీళ్ళు. వీలైతే వాళ్ళకు విడిగా ఒక బల్ల. తండా పిల్ల వాళ్ళ నాయిన నన్ను అడిగినదానికి నేను ఇవ్వలేని జవాబు మీరు ఇవ్వగలరు.

5. ఏ పుస్తకం కావాలో చదివేవాళ్ళను అడిగి కొనండి. గ్రంథాలయ శాస్త్రానికి సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు, పుస్తకాలున్నవి వాడుకోవడానికి, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలి అని. వాకిట్లో ఒక రిజిస్టరు పెడితే ఎవరికి ఏది కావాలో వాళ్ళే రాస్తారు. ఎవరో ఎక్కడో టోకున కొని పంపిన పుస్తకాల కట్టలు విప్పకుండానే అటకెక్కడం నేను చూశాను.

6. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. ఈ ఏడు ఆ వారంలో వ్యాసరచన పోటీతో పాటు మండలంలో తెరిచి ఉన్న గ్రంథాలయాలు ఎన్ని, మూసి ఉన్నవి ఎన్ని అని వేదిక మీద చదివి వినిపించండి.

సర్పంచులకు, వార్డు సభ్యులకు విడిగా ఒక మాట. దాదాపు రెండేళ్ళ ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరులో మీరు గెలిచి వచ్చారు. ఊరికి ఏదైనా చెయ్యాలని చాలామందికి నిజంగానే ఉంది, నేను మాట్లాడిన కొత్త సర్పంచుల్లో చూశాను. నిధులు లేవంటారు. నిజమే. కానీ పైన అడిగినవాటిలో చాలావాటికి నిధుల కంటే ముందు ఒక తీర్మానం కావాలి. చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి. వచ్చే గ్రామసభ ఎజెండాలో గ్రంథాలయం అని ఒక్క అంశం పెట్టండి. సెస్సు లెక్క చదవండి. గది ఏదో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అక్కడే తేల్చండి. తీర్మానం కాపీ జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి. పది పంచాయతీల నుంచి ఒకే తీర్మానం పోతే సమాచారం సేకరిస్తున్నాము అనే జవాబు రాదు.

ఊరివాళ్ళకు కూడా చెప్పాలి. ఇంటిపన్ను కట్టేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి, సెస్సు లైను చూడండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల కాగితం మీద మీ చేతిరాతతో రాసినా చాలు. రాయడం రాకపోతే నా దగ్గరికి రండి, నేను రాసిస్తాను. అట్లాగే లీడర్ల పుట్టినరోజులకు ఫ్లెక్సీలు కట్టే మా ఊరి యువకులకు ఒక మనవి. ఒక పెద్ద ఫ్లెక్సీ ఖర్చుతో ఒక పేపర్ నాలుగైదు నెలలు వస్తుంది. ఆ పుట్టినరోజు పేరు మీదే పేపర్ చందా కట్టి చదువుకునే గదికి ఇస్తే, ఆ లీడరు పేరు గది గోడ మీద నేనే రాయిస్తాను.

అధికారులకు చివరగా ఒకటి. ఈ ఉత్తరానికి జవాబు రాసేదాకా మీరు ఆగనక్కర్లేదు, నేనూ ఆగడం లేదు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నా ఖర్చుతో రెండు పేపర్లు బస్టాండు పక్కన వేపచెట్టు కింద బల్ల మీద పెడుతున్నాను. బల్ల ఇస్తానని టీ హోటల్ ఆయన ఒప్పుకున్నాడు. గాలికి ఎగరకుండా రాయి పెట్టి, సాయంత్రం తీసి పెట్టే బాధ్యత ఇద్దరు ఇంటర్ పిల్లలు తీసుకున్నారు. అది గ్రంథాలయం కాదని మాకు తెలుసు. వాన వస్తే తడుస్తుంది, అక్కడ ఆడపిల్లలు కూర్చోలేరు.

తెరవడానికి మనిషి లేడన్నదే అడ్డమైతే, తాళంచెవి నాకు ఇప్పించండి. జీతం వద్దు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎట్లాగూ ఆ తలుపు దగ్గర ఆగుతాను. తెరిచి, లైటు వేసి, పేపర్లు బల్ల మీద పరిచి పోతాను.

ఇట్లు,
మీ మండలంలో పేపర్ వేసే మనిషి